డేటా లాగరు – నిరోధపు కొలత



టీకామందులు నిలువచేయు శీతలపేటికలో వేడిమి 2 డిగ్రీలకు తగ్గరాదు, 8 డిగ్రీలకు మించరాదు. ధనుర్వాతము, హెపటైటిస్ బి మొదలగువాని టీకాలు ఒకసారి గడ్డకట్టెనేని పిదప కరగించినను పనికిరావు. చూపునకు మాత్రము మునుపటివలెనే యుండవచ్చును. అందుచేత రేయింబవళ్లు కనిపెట్టి, కొన్నేసి నిమిషముల కొకసారి వేడిమిని వ్రాసియుంచు యంత్రము నొకదానిని ఆ పేటికకు తగిలింతురు. దానినే డేటా లాగరు అందురు. ఓడవారు వేగమును కనుగొనుటకై త్రాటికి కట్టి నీట విడిచెడి కొయ్యముక్కకు ఇంగ్లీషున 'లాగ్' అని పేరు. ఆ పేరే లెక్కలు వ్రాయు పుస్తకమునకును, పుస్తకమునుండి యీ యంత్రమునకును సంక్రమించినది.

ఈ యంత్రమునకు వేడిమి యన నేమో తెలియదు. పేటికలో నుంచునది పెక్కుచోట్ల చిన్న ప్లాటినపు చుట్ట. అది 0 డిగ్రీలవద్ద విద్యుత్ప్రవాహమునకు 100 ఓముల నిరోధము చూపును. డిగ్రీ పెరిగినకొలది ఇంచుమించు 0.39 ఓము హెచ్చును. కావున నిరోధము తెలిసినచో వేడిమి తెలియును. చిత్రమేమనగా, లాగరునకు నిరోధమును తెలియదు! అది యెఱిగినది వోల్టేజి యొక్కటియే.

మఱి నిరోధ మెట్లు తేలును? త్రాసులో వస్తువును పడికట్టురాతితో తూచినట్లే. మార్పులేని 1000 ఓముల ప్రమాణనిరోధమును ప్లాటినపు చుట్టతో వరుసగా కలిపి, రెంటిగుండ నొకే ప్రవాహమును పంపుదురు. ప్రవాహ మొకటే గనుక, 1827లో ఓమ్ పండితుడు ప్రకటించిన నియమముచొప్పున, వోల్టేజీల నిష్పత్తియే నిరోధముల నిష్పత్తి. ప్రమాణముమీద 1 వోల్టు, చుట్టమీద 0.1 వోల్టు తేలినచో చుట్ట నిరోధము 100 ఓములు. బ్యాటరీ క్షీణించి అవి 0.9, 0.09 అయినను ఫలితము మాఱదు. ప్రవాహమును మిల్లీయాంపియరునకు మించనీయకుండుట మంచిది. మించినచో చుట్ట తనంతట తాను వేడెక్కి, తన వేడినే మనకు చూపును.

ఇంతవరకు బాగుగనే యున్నది. మోసమంతయు దారిలో నున్నది. పేటిక లాగరునకు 15 మీటర్ల దూరమున నున్నదనుకొనుడు. పోవుటకు, వచ్చుటకు కలిపి 30 మీటర్ల రాగితీగ కావలెను. అర చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల తీగయైనచో దాని నిరోధమే ఇంచుమించు ఒక ఓము. అదియు చుట్ట నిరోధములో చేరిపోవును. ఒక ఓమనగా రెండున్నర డిగ్రీలు! లాగరు '2' అని నిబ్బరముగా వ్రాయుచుండగా లోపల వేడిమి శూన్యమునకు అరడిగ్రీ దిగువ నుండును. అచ్చట మందు గడ్డకట్టుచుండును. ఇచ్చట లెక్క సరిగా నుండును. యంత్రము వ్రాసినదని విచారింపక నమ్ముట నాకు మొదటినుండియు గిట్టదు.

దీనికి చికిత్స మఱి రెండు తీగలు. మొదటి జంట ప్రవాహమును మోయును. రెండవ జంట చుట్ట కొనలనుండియే బయలుదేఱి వోల్టేజిని మాత్రము తెచ్చును. లాగరు ఈ జంటనుండి గైకొను ప్రవాహము లేనంత స్వల్పము. ప్రవాహము లేనిచోట తీగ నిరోధము వోల్టేజిని హరింపజాలదు. కావున తీగ పొడవు లెక్కలోనికే రాదు. ఇట్టి సాధనమున సాధారణముగా రెండెఱ్ఱని తీగలు, రెండు తెల్లని తీగలు నుండును.

పరీక్ష సులభము. మంచుగడ్డను మెత్తగా నలుగగొట్టి, శుద్ధజలముతో కలిపి, అందు ప్లాటినపు చుట్టగల కొనను కొంతసేపు ముంచియుంచుడు. కరగుచున్న మంచు వేడిమి 0 డిగ్రీలు. లాగరు రెండున్నర చూపెనేని ముందుగా తీగలను లెక్కించి చూడుడు.