పగలు మేడల పని... రాత్రి పేవ్‌మెంటు పడక

నగరాల్లో తలదాచుకునే చోటు లేని పల్లె కూలీలు
నీడ కల్పించాల్సిన బాధ్యత మునిసిపాలిటీలదే

బైరెడ్డిపల్లె: పల్లెలో సొంత ఇల్లు ఉంది. ఇంటి ముందు చింతచెట్టు నీడా ఉంది. అయినా ఏడాదిలో సగం రోజులు పడక మాత్రం నగరంలో రోడ్డు పక్కనే. పొట్ట చేతపట్టుకుని వలస వెళ్లే కూలీల్లో చాలామంది పరిస్థితి ఇది.

బైరెడ్డిపల్లె మండలంలోనూ, చుట్టుపక్కల పలమనేరు, వి.కోట, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లోనూ వర్షాధారపు వేరుశనగ, బోర్ల కింద మల్బరీ, టమోటా రైతులకు ఆధారం. వాన ముఖం చాటేసినా, బోరు ఎండినా, టమోటా ధర పడిపోయినా కూలీలకు కనిపించే దారి బెంగుళూరు. బేల్దారి పని, సెంట్రింగ్ పని, మార్కెట్లలో మూటలు మోసే పని ఏదో ఒకటి అక్కడ దొరుకుతుందన్నది వారి నమ్మకం.

కుప్పం, గుడుపల్లె వైపు వారికి రైలు ఉంది. తెల్లవారుజామున రైలెక్కి, పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరేవారు అక్కడ వేలల్లో ఉన్నారు. బైరెడ్డిపల్లె మండలానికి ఆ వసతి లేదు. రోజూ బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చిపోతే కూలీ డబ్బులో మిగిలేది అంతంతమాత్రమే. అందుచేత పని ఉన్నన్నాళ్లు నగరంలోనే ఉండిపోక తప్పదు. మేస్త్రి వెంట వెళ్లిన వారికి కట్టడం దగ్గర రేకుల షెడ్డయినా దొరుకుతుంది. సొంతంగా వెళ్లి అడ్డాలో నిలబడే వారికి అదీ లేదు. అద్దె గదికి అడ్వాన్సు కట్టే స్తోమత ఉండదు. మార్కెట్ల అరుగులు, బస్టాండ్లు, ఫ్లైఓవర్ల కింద ఖాళీ జాగాలే వారికి గతి.

లెక్కల్లో ఇళ్లు లేనివారు

జనాభా లెక్కల వారు ఇటువంటి వారిని 'ఇళ్లు లేనివారు'గా నమోదు చేస్తారు. రోడ్ల పక్కన, పేవ్‌మెంట్ల మీద, తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడుల ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారు ఈ కోవలోకి వస్తారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా వీరిని లెక్కించారు. మొత్తం 17 లక్షల 73 వేల మంది తేలారు. అందులో 9 లక్షల 38 వేల మంది పట్టణాల్లోని వారే. ఒక్క రాత్రిలో తీసిన లెక్క ఇది. ఆ రాత్రి ఊరికి వచ్చిన కూలీ ఈ లెక్కలో ఉండడు. మర్నాడు మళ్లీ పేవ్‌మెంటు ఎక్కినా అతన్ని లెక్కించే వారుండరు.

తరిమేయడం ఒక పద్ధతి

ఇళ్లు లేని వారి విషయంలో నగర పాలకులు ఇంతవరకు అనుసరిస్తూ వచ్చినవి రెండు పద్ధతులు. మొదటిది కంటికి కనిపించకుండా చేయడం. బొంబాయిలో పేవ్‌మెంట్ల మీద ఉంటున్న వారిని తొలగించబూనుకుంటే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమేనని 1985 జూలైలో కోర్టు తీర్పు చెప్పింది. అయితే పేవ్‌మెంటును ఆక్రమించే హక్కు ఎవరికీ లేదనీ, నోటీసు ఇచ్చి, వారి మాట విన్న తర్వాతే తొలగించాలనీ అదే తీర్పు పేర్కొంది.

బెంగుళూరు సంగతి మరీ శోచనీయం. కర్ణాటకలో 1975 నాటి భిక్షాటన నిషేధ చట్టం ప్రకారం వీధుల్లో పట్టుకున్న వారిని మాగడి రోడ్డులోని నిరాశ్రితుల కేంద్రానికి తరలిస్తారు. దీని ఖర్చు కోసం ఆస్తి పన్ను మీద నూటికి 3 చొప్పున సుంకం కూడా వసూలవుతుంది. డబ్బుకు మార్గం ఉండి కూడా 2010 ఆగస్టులో ఆ కేంద్రంలో కొద్ది రోజుల వ్యవధిలోనే అనేకమంది చనిపోయారు. రాష్ట్రమంతటా గగ్గోలు పుట్టి, సాంఘిక సంక్షేమ మంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది.

హైదరాబాద్‌లో 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముంగిట భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధించారు. వీధుల్లోని వారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథులు వస్తున్నారంటే తప్ప పేవ్‌మెంటు మీది మనిషి కంటికి ఆనలేదన్న మాట.

నీడ ఇవ్వడం రెండో పద్ధతి

రెండో పద్ధతికి ఢిల్లీ చలి దారి చూపింది. 2009 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, పూసా రోడ్డు దగ్గర ఇళ్లు లేని వారి తాత్కాలిక గుడారాన్ని నగర పాలక సంస్థ తొలగించింది. హైకోర్టు తనంతట తానుగా ఈ వ్యవహారాన్ని విచారణకు చేపట్టింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకుంది. రాత్రి ఆశ్రయాలు ఏర్పాటు చేయడం ప్రభుత్వాల బాధ్యత అన్న మాట ఆ తర్వాతే దేశమంతటా వినిపించింది.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో ఇళ్లు లేని వారి ఆశ్రయాలకు ప్రత్యేకంగా చోటిచ్చారు. లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టేలా శాశ్వత ఆశ్రయాలు ఉండాలి. ఒక్కో ఆశ్రయంలో 50 నుంచి 100 మంది ఉండవచ్చు. మనిషికి 50 చదరపు అడుగుల జాగా, తాగునీరు, మరుగుదొడ్లు, వంట చేసుకునే చోటు కల్పించాలి. రాత్రి మాత్రమే కాక పగలు కూడా తెరిచి ఉంచాలి. అక్కడ ఉండేవారికి గుర్తింపు కార్డు, పోస్టు అడ్రసు, రేషను, పింఛను, పిల్లలకు బడి అందేలా చూడాలి. ఇవీ 2024 వరకు నడిచిన ఆ మిషన్ మార్గదర్శకాలు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఈ పనిని మెప్మాకు అప్పగించారు.

కాగితం మీద లోటు లేదు. 2011 లెక్కల ప్రకారం బెంగుళూరు జనాభా 84 లక్షలు. ఆ లెక్కన కనీసం 8,400 మందికి చోటు ఉండాలి. దేశంలోని పట్టణాల్లో ఆశ్రయాల కొరత తీవ్రంగా ఉందని గ్రహించిన సుప్రీంకోర్టు, 2016లో వాటిని పరిశీలించేందుకు రిటైర్డ్ న్యాయమూర్తి ఆధ్వర్యంలో కమిటీ వేయవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో బెంగుళూరు పాలికె పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. అయిదుగురు మధ్య ఈ బాధ్యత నలిగిపోకుండా చూడటం ఇప్పుడు అవసరం.

అడ్డాకు దూరమైతే ఖాళీయే

ఎక్కడో ఊరి చివర ఆశ్రయం కట్టి, ఎవరూ రావడం లేదని చెప్పడం అధికారులకు పరిపాటి. కూలీ రాకపోవడానికి కారణం ఉంది. అడ్డాలో తెల్లవారకముందే నిలబడితే తప్ప పని దొరకదు. మార్కెట్‌కు లారీలు వచ్చేది అర్ధరాత్రి. మూడు మైళ్ల అవతల మంచం వేసినా కూలీకి ఉపయోగం లేదు. పార, గంప, తాపీ దాచుకునే చోటు లేకపోయినా రాడు. ఆలుమగలు కలిసి పనికి వెళ్తే, మగవారికొక చోటు, ఆడవారికొక చోటు అన్నప్పుడు బిడ్డలను ఎవరి దగ్గర ఉంచాలన్న చిక్కు వస్తుంది. ఆశ్రయం అడ్డాకూ, మార్కెట్‌కూ నడిచి వెళ్లేంత దగ్గర ఉండాలి. కుటుంబాలకు వేరే గదులు ఉండాలి. ఈ రెండూ లేని భవనం ఎంత బాగున్నా కంటితుడుపే.

నిర్వహణ మరో సమస్య. 50 మంది ఉండే ఆశ్రయానికి ఏడాదికి 6 లక్షల రూపాయల చొప్పున అయిదేళ్లు ఇస్తామని పథకంలో చెప్పారు. ఆ తర్వాత కరెంటు బిల్లు, కాపలాదారు జీతం ఎవరు భరించాలి? మునిసిపాలిటీలు తమ బడ్జెట్‌లో దీనికొక పద్దు పెట్టకపోతే కట్టిన భవనానికి తాళమే దిక్కు.

మన పట్టణాల మాటేమిటి?

బెంగుళూరును తప్పుపట్టే ముందు మన పట్టణాలు కూడా ఆలోచించుకోవాలి. మదనపల్లె టమోటా మార్కెట్ ఆసియాలోనే పెద్ద వాటిలో ఒకటి. పట్టణ జనాభా 2011లోనే లక్ష దాటింది. సీజనులో హమాలీలు, లారీ క్లీనర్లు, దూరం నుంచి సరుకు తెచ్చిన రైతులు రాత్రిళ్లు ఎక్కడ నడుం వాలుస్తున్నారో మునిసిపాలిటీ ఒకసారి చూడాలి. పలమనేరు, పుంగనూరు, కుప్పం పట్టణాల జనాభా లక్షలోపే. లక్ష లేదు కాబట్టి ఆశ్రయం అక్కరలేదనడం న్యాయం కాదు. బస్టాండు, మార్కెట్, ప్రభుత్వ ఆస్పత్రి దగ్గర పాతిక మందికి సరిపడే గది, నీటి కుళాయి, మరుగుదొడ్డి ఏ మునిసిపాలిటీకీ మించిన భారం కాదు.

పంచాయతీలు చేయగల పని కూడా ఉంది. ఎవరు ఏ ఊరికి, ఏ మేస్త్రి వెంట వెళ్లారో ఒక రిజిస్టరులో రాసి పెడితే ప్రమాదం జరిగినప్పుడు ఆచూకీ తెలుస్తుంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో దేశమంతటా కాలినడకన ఇళ్లకు బయల్దేరిన కూలీల అవస్థ ఎవరూ మరిచిపోలేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు కాంట్రాక్టరే వసతి చూపాలని 1979లోనే చట్టం వచ్చింది. కాంట్రాక్టరు లేని అడ్డా కూలీకి అది అక్కరకు రాలేదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు నుంచి కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం తమకు అందేదేమిటో కార్మిక శాఖ వారు పల్లెల్లో తెలియజెప్పాలి. ఊరి రేషను కార్డుతోనే కర్ణాటకలో కూడా బియ్యం తీసుకునే వీలు 2020 నుంచి ఉందన్న సంగతి కూడా కూలీలందరికీ చేరాలి.

నగరం కూలీ చెమటను తీసుకుంటోంది. రాత్రికి అతనికి ఆరడుగుల చోటు చూపడం దానం కాదు, బాకీ తీర్చడం. వానాకాలం, చలికాలం రాకముందే అధికారులు ఈ దిశగా కదలాలి.