ఆకాశమున పొగ: అభిమానము, ప్రమాణము

2002 వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ప్రకటించిన నివేదిక, మన దేశముపైనను చుట్టుపట్ల సముద్రముపైనను కవియు పొగపొరకు ‘ఆసియా గోధుమవర్ణ మేఘ’మని పేరు పెట్టెను. భారతీయ శాస్త్రజ్ఞులు పలువురు దీనికి అభ్యంతరము తెలిపిరి. ఇట్టి పొగ ఇతర ఖండములపైనను కలదు. మనపై సయితము అది ముఖ్యముగా పొడి మాసములందే దట్టమై, వానలతో పలుచనగును. తుదకు ఆ పరిశోధనకు ‘వాతావరణ గోధుమవర్ణ మేఘములు’ అను పేరు స్థిరపడెను. అభ్యంతరము న్యాయమైనదే. కాని పేరు మారినంతమాత్రమున పొగ పోదని మేము మనవి చేయుచున్నాము.

ఈ పొర చేయుచున్న దేమి? నేలపై నుంచిన యంత్రము క్రిందికి చేరిన వెలుగునే కొలుచును. ఉపగ్రహము పైకి మరలిన వెలుగునే చూచును. నడుమ ఏ యెత్తున ఎంత యెండ గాలిలోనే నిలిచిపోయెనో తెలియవలెనన్న, ఆ పొరలోనికి ఎగిరి చూడవలసినదే.

2006 మార్చిలో, మన దేశమున జన్మించిన వీరభద్రన్ రామనాథన్ గారి బృందము మాల్దీవులవద్ద ఈ పని నెరవేర్చెను. మానవరహితములైన మూడు చిన్న విమానములు అర కిలోమీటరు మొదలు 3 కిలోమీటర్ల యెత్తువరకు ఒకదానిపై నొకటిగా ఎగిరినవి. పై విమానముకడ నికరముగా దిగివచ్చిన యెండనుండి, క్రింది విమానముకడ నికరముగా దిగిపోయిన యెండను తీసివేయగా మిగిలినది నడిమి గాలి మ్రింగిన భాగము. తేలిన దేమనగా, పొగవలన ఆ దిగువ గాలిని ఎండ కాచుట సుమారు నూటికి 50 వంతులు హెచ్చినది. ఎండను మ్రింగునది ముఖ్యముగా మసి. గాలి కాగుచున్నది, సముద్రమునకు చేరవలసిన వెలుగు తగ్గుచున్నది. కడలినుండి లేచు ఆవిరిపై ఆధారపడిన మన వ్యవసాయమునకు ఇది అల్పవిషయము కాదు.

ఆ సంవత్సరమే మార్చి మొదలు మే వరకు మన అంతరిక్ష పరిశోధన సంస్థయు నౌకతో, విమానముతో, నేలపై కేంద్రములతో ఇట్టి కొలతలు జరిపించెను. ఆ విమానము హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థది. పరులు పెట్టిన పేరునకు తగిన సమాధాన మిదియే: మన పొగను మనమే కొలిచి, లెక్క దాచక చెప్పుట.

కట్టెలపొయ్యి యూదు మన తల్లుల కన్నులు ఈ పొగను విమానములకంటె ముందే ఎరుగును. మసి కొలది వారములలోనే గాలినుండి రాలిపోవును. పొయ్యికడను, ఇంజనుకడను దాని నరికట్టినచో ఆకాశము తేటపడుటకు తరములు వేచియుండ నక్కరలేదు.