మీకు తెలుసా? స్ఫటికం పక్కన ముత్యం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, కళింగపట్నం దగ్గరున్న శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల్లో రాతి భరిణెలు, వాటి లోపల బుల్లి స్ఫటిక భరిణెలు, బంగారు పూలు దొరికాయి. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి పంతులే! 1892లో భట్టిప్రోలు తవ్వకాల్లోనైతే స్ఫటికంతో పాటు ముత్యాలూ బయటపడ్డాయి.

ఇంట్లో దండలు గుచ్చేవాళ్లూ ఈ జోడీనే ఇష్టపడతారు. కానీ మోస్ కొలతలో స్ఫటికం కాఠిన్యం 7, ముత్యానిది 3 అటూ ఇటూ. రెండూ ఒరుసుకుంటే గీతలు పడేది ముత్యానికే. అందుకే పూసకీ పూసకీ మధ్య పట్టుదారంతో చిన్న ముడి వేస్తారు. పాతకాలం బ్రూచిని పతకంగా వేలాడదీస్తే, దాని వెనక సూది ముత్యాలకు తగలకుండా చూసుకోవాలి. సెంటు మాత్రం దండ వేసుకోకముందే కొట్టుకోండి, ముత్యానికి అది అస్సలు పడదు.