మగాడు తీసిన శోకం

మా గోదావరిఖనిలో చావింట్లో ఏడుపుకు ఒక పద్ధతుంది. శవం తలాపున కూర్చున్న ఆడమనిషి ఊరికే కన్నీళ్లు పెట్టుకోదు, రాగం తీస్తుంది. పోయినవాణ్ణి వరుసపెట్టి పిలుస్తుంది. ఏ పండుగకు ఏ చీర తెచ్చావో చెబుతుంది. ఏ రాత్రి తాగొచ్చి ఎంత మాట అన్నావో కూడా అదే నోటితో చెబుతుంది. నన్ను ఎవరికి అప్పజెప్పి పోతున్నావని నిలదీస్తుంది. మెచ్చుకోలు, నిష్ఠూరం, తన తప్పు తాను ఒప్పుకోవడం, అన్నీ ఒక్క ఊపిరిలోనే. దాన్నే శోకం పెట్టుడు అంటారు. మగవాళ్లు శోకం పెట్టరు. బయట కుర్చీలేసుకుని పాడెకు వెదురు దొరికిందా, కట్టెలు గోదావరి ఒడ్డుకు చేరాయా అని మాట్లాడుకుంటారు.

మా నాన్న పోయిన రోజు నేనూ ఆ కుర్చీల్లోనే కూర్చున్నాను. ఆయన సింగరేణి గనిలో తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు టబ్బులు నింపిన కోల్‌ఫిల్లర్ల తరం మనిషి. బతికున్నప్పుడు మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. లోపల మేనత్త రాగం తీస్తుంటే నేను ట్రాక్టర్ కిరాయి బేరం చేస్తున్నాను. కంట్లో తడి లేదు. బలంగా ఉన్నావురా అని భుజం తట్టినవాళ్లున్నారు.

కొన్ని నెలల తర్వాత ఓ రాత్రి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే స్నేహితుడు వచ్చి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. మొదట గంట మోగింది. చావుకు కొట్టే చర్చి గంట. వేగం తగ్గించి వినిపించారేమో, ఇనుము బరువంతా అందులో తెలుస్తోంది. నాలుగుసార్లు మోగి ఆగింది. ఆ వెంటనే ఒక మగగొంతు తల్లిని పిలిచింది.

ఆ పాట పేరు ‘మదర్’. పాడినవాడు జాన్ లెనన్. ఆల్బమ్ ‘జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్’, 1970 డిసెంబర్ 11న విడుదలైంది. మన సింగరేణి కంపెనీ పుట్టింది 1920 డిసెంబర్ 23న. అంటే కంపెనీకి యాభై ఏళ్లు నిండడానికి పన్నెండు రోజుల ముందు వచ్చిన రికార్డు ఇది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ ఏడాది మా నాన్న ఏ షిఫ్టులో దిగి ఉంటాడోనని నేను లెక్కేసుకోకుండా ఉండలేను.

నలుగురు విడిపోయాక

బీటిల్స్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురు, పదేళ్లలోపే ప్రపంచాన్ని ఊపేశారు. బయటికి పోతున్నానని లెనన్ 1969 సెప్టెంబర్‌లోనే మిగతావాళ్లతో అన్నాడు కానీ బయటపెట్టలేదు. 1970 ఏప్రిల్ 10న పాల్ మెకార్ట్నీ తాను విడిపోయానన్న మాట పత్రికలకెక్కింది, లోకానికి తెలిసిపోయింది. ఆ ఏడాదే నలుగురూ ఎవరి రికార్డు వాళ్లు తెచ్చారు. పాల్ ఇంట్లో కూర్చుని దాదాపు అన్ని వాయిద్యాలూ తానే వాయించుకున్నాడు. జార్జ్ హారిసన్ దగ్గర పాటలు పేరుకుపోయి ఉన్నాయి, మూడు రికార్డుల పెట్టె విడుదల చేశాడు. లెనన్ మాత్రం తన గాయం దగ్గరికి వెళ్లాడు.

ఆ గాయం పాతది. తండ్రి ఓడల్లో పనిచేసేవాడు, చిన్నప్పుడే దూరమయ్యాడు. తల్లి జూలియా అతణ్ణి ఐదేళ్ల వయసులో తన అక్క మిమీకి అప్పగించింది. పెద్దయ్యాక మళ్లీ తల్లీకొడుకులు దగ్గరయ్యారు. బాంజో మీద వేళ్లు పెట్టడం నేర్పింది ఆమే. 1958 జులై 15న అక్క ఇంటి నుంచి బయల్దేరి రోడ్డు దాటుతుంటే కారు గుద్ది చనిపోయింది. నడిపినవాడు డ్యూటీలో లేని పోలీసు. జాన్‌కు అప్పుడు పదిహేడేళ్లు. తల్లిని రెండుసార్లు పోగొట్టుకున్నానని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

1970లో ఆర్థర్ జానోవ్ అనే అమెరికన్ మానసిక చికిత్సకుడి దగ్గర అతనూ భార్య యోకో ఓనో చికిత్సకు చేరారు. మొదట ఇంగ్లండ్‌లోని వాళ్లింట్లో, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో, కొన్ని నెలల పాటు. పసితనంలో మింగేసిన ఏడుపును మళ్లీ కడుపులోంచి కేకగా బయటికి తెప్పించడం జానోవ్ పద్ధతి. మానసిక వైద్యరంగం దాన్ని పెద్దగా ఒప్పుకోలేదు. నా మటుకు నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు. మా మేనత్తకు ఏ డాక్టరూ చెప్పకుండానే తెలిసిన పని అది.

అన్నీ తీసేస్తే మిగిలింది

సెప్టెంబర్ చివర్లో లండన్ ఆబే రోడ్ స్టూడియోలో మొదలుపెట్టి నాలుగు వారాల్లో ముగించారు. ఆ మధ్యలోనే లెనన్‌కు ముప్పై నిండాయి. డ్రమ్స్ మీద పాత బ్యాండ్ మిత్రుడు రింగో స్టార్. బేస్ గిటార్ క్లాస్ ఫోర్మన్, బీటిల్స్ హాంబర్గ్ రోజుల నాటి స్నేహితుడు. గిటార్ లెననే, పియానో కూడా ఎక్కువగా అతనే. నిర్మాతల్లో ఒకరు ఫిల్ స్పెక్టర్, వాద్యాల మీద వాద్యాలు పేర్చి గోడలా నిలబెట్టడంలో పేరుమోసినవాడు. ఈ రికార్డులో ఆ గోడ లేదు. రింగో దెబ్బ కొడతాడు, మరో దెబ్బకు ముందు ఖాళీ వదుల్తాడు. ఆ ఖాళీలో లెనన్ ఊపిరి వినిపిస్తుంది.

‘మదర్’ చివర కేకల గురించి ముందే విని ఉన్నా, మొదటిసారి వినేటప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. పాట అయిపోతోంది అనుకున్న చోట ఒకే అభ్యర్థన మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ గొంతు ఇంకొంచెం చిరుగుతుంది. అయితే నన్ను పట్టుకున్నది ఆ కేక కంటే దాని ముందున్న చరణం. తల్లిని, తండ్రిని నిలదీశాక పిల్లలవైపు తిరిగి, నాలా చెయ్యొద్దని చెబుతాడక్కడ. అతని పెద్దకొడుకు జూలియన్ 1963లో పుట్టాడు. ఆ పిల్లాడికి ఐదేళ్లప్పుడే లెనన్ ఆ ఇంటిని వదిలేశాడు. తండ్రి వదిలేసిన కొడుకు తానూ వదిలేసిన తండ్రి అయ్యాడు. దాన్ని దాచలేదు. శోకంలోనూ అంతే, తనను మినహాయించుకుని పోయినవాణ్ణి నిందించడం ఉండదు.

‘వర్కింగ్ క్లాస్ హీరో’లో గిటారొక్కటే. జాగ్రత్తగా వింటే మధ్యలో ఒకచోట గిటార్ శబ్దం ఛాయ మారుతుంది. వేరే టేక్‌లోంచి కోసి అతికించిన ముక్క అది. అతుకును దాచడానికి ఏమీ చెయ్యలేదు. లెనన్ పెరిగింది కూలీల వాడలో కాదు, పెద్దమ్మ వాళ్ల శుభ్రమైన ఇంట్లో. అందుకని కార్మికుడి పేరు వాడుకునే హక్కు అతనికెక్కడిది అని అడిగినవాళ్లున్నారు. నేను ఆ పక్షం కాదు. పిల్లవాణ్ణి ఇల్లు, బడి కలిసి ఎలా కుంచింపజేస్తాయో చెప్పిన పాట అది. నువ్వు బొగ్గుబాయి పనికి రావద్దు బిడ్డా అని తండ్రి రోజూ అంటుంటే, ఆ తండ్రి పనంటే సిగ్గుపడుతూ పెరిగిన మాలాంటివాళ్లకు ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక ‘గాడ్’. తను నమ్మనివాటి జాబితా చదువుతాడందులో. బైబిల్ ఉంది, బుద్ధుడున్నాడు, మంత్రం ఉంది, గీత ఉంది. 1968లో రిషికేశ్‌లో మహర్షి మహేష్ యోగి ఆశ్రమంలో కూర్చుని వెళ్లినవాడే ఇవన్నీ పక్కన పెడుతున్నాడు. పదిహేనో పేరు బీటిల్స్. అది అనగానే వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దం ఒక్క క్షణమే. నాకు మాత్రం, పెద్ద కుటుంబం వేరుపడ్డ రోజు అందరూ వెళ్లిపోయాక వాకిలి ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మా గడ్డ మీద పాటకు కొదవ లేదు. 1972లో మొదలైన జననాట్యమండలి పాటలు, గద్దర్ గొంతు, గోదావరి అవతల లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య మాట వింటూ పెరిగాం. ఆ పాటలు మాకు వెన్నెముక. వాటిలో పలికేది ‘మేము’. గని గేటు దగ్గర వెయ్యిమంది కలిసి పాడాలంటే ‘మేము’ కావాలి. ఒక్కడు, ఒక్క రాత్రి, తన తండ్రితో ఎందుకు మాట్లాడలేకపోయాడో చెప్పుకోవాలంటే ఏ పాట పాడాలి? ఆ ‘నేను’ మా దగ్గర ఆడవాళ్ల శోకంలో మాత్రమే బతికింది. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి పదిహేడుమంది పోయినప్పుడు పత్రికలు అంకె రాశాయి. పోయినవాళ్లు ఒక్కొక్కరూ ఎలాంటి మనుషులో చెప్పింది ఇళ్లలో కూర్చుని ఏడ్చినవాళ్లే.

ఆల్బమ్ చివరి పాట ‘మై మమ్మీస్ డెడ్’ నిమిషం కూడా ఉండదు. క్యాసెట్ రికార్డర్ మీద తీసినది, గరగరమంటుంది. అంత కేక పెట్టిన గొంతు ఇక్కడ పిల్లల పాటలాంటి బాణీలో, అరుపు లేకుండా, తల్లి పోయిందని చెప్పి ఆగిపోతుంది.

నాన్న సంవత్సరీకానికి మేనత్త వచ్చింది. రాత్రి అరుగు మీద కూర్చుని ఉంటే ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టి ‘మదర్’ వినిపించాను. ఇంగ్లీషు ముక్క రాదు ఆమెకు. గంట మోగినప్పుడు నా మొహం చూసింది. కేకలు మొదలయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయేదాకా తియ్యలేదు.

“ఎవలు సచ్చిన్రు బిడ్డా?”

“వాళ్లమ్మ.”

“ఎప్పుడు?”

“ఈ పాట పాడేనాటికి పన్నెండేండ్లయింది అత్తా.”

“పన్నెండేండ్లు ఎట్ల ఆపుకున్నడురా!” అంది. కాసేపటికి నా తల తన ఒళ్లోకి లాక్కుని, “నువ్వు మీ నాయినకు ఇంకా ఏడ్వలే” అంది.