కీళ్లనొప్పులూ, క్యారీ మంచూ

2000వ సంవత్సరం జనవరి 24, 25 తేదీలు క్యారీలో పాతవాళ్లకి ఇప్పటికీ గుర్తే. పక్కనే ఉన్న రాలీ-డర్హమ్ ఎయిర్‌పోర్టులో 20.3 అంగుళాల మంచు పడింది. బఫెలో, బోస్టన్ వాళ్లకి ఇది ఏటా ఉండే పని. మనకి ఎప్పుడో ఒకసారి వస్తుంది కనుక గరాజులో సరైన పారా ఉండదు, ఒంటికి అలవాటూ ఉండదు. మోకాళ్లు అరిగినవాళ్లకి, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవాళ్లకి ఇబ్బంది ఇక్కడే.

ముందు బరువు లెక్క చూద్దాం. ఒక చదరపు అడుగు మీద అంగుళం లోతు నీరు 5.2 పౌన్లు తూగుతుంది. కరిగితే అంగుళం నీరయ్యేంత మంచు పడిందనుకోండి. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు డ్రైవ్‌వే మీద 2,000 పౌన్ల పైనే ఉంటుంది. అదే పొడవున మూడడుగుల బాట మాత్రం తీస్తే 300 పౌన్ల పైచిలుకు. అందుకే మంచు కబురు వినగానే కారుని డ్రైవ్‌వేలో రోడ్డు వైపు చివర, కాలిబాటకి అడ్డు లేకుండా పెట్టుకోండి. కారు దాకా బాట తీస్తే చాలు.

ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, క్యారీ మంచుకి ఆ మాట వర్తించదు. ఇక్కడ చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో ఎండే మంచుని కరిగించేస్తుంది. ఆగగలిగితే ఆగండి.

తీయక తప్పకపోతే ఈ జాగ్రత్తలు పాటించండి:

• లేవగానే బయటికి వెళ్లకండి. వేడినీళ్ల స్నానం చేసి, కీళ్లు వదులయ్యాక వెళ్లండి.

• వంపు పిడి ఉన్న తేలికపాటి ప్లాస్టిక్ పార మంచిది. నీటి పైపులకి తొడిగే నురుగు గొట్టాన్ని పిడికి చుడితే గట్టిగా బిగించి పట్టుకోనక్కర్లేదు. పారకి కాస్త వంటనూనె రాస్తే మంచు అంటుకోదు.

• ఎత్తకండి, నెట్టండి. నడుము మెలితిప్పకుండా అడుగులు వేసి మొత్తం ఒంటితో తిరగండి.

• పది నిమిషాలు పని, ఆపైన విశ్రాంతి. రెండు గంటల తరువాత కూడా నొప్పి మునుపటికన్నా ఎక్కువగా ఉంటే, శక్తికి మించి చేశారన్నమాట.

• నొప్పి మాత్ర వేసుకుని పనికి దిగకండి. కీలు చేసే హెచ్చరిక మీకు వినపడదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు పార పట్టకూడదు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 911కి ఫోన్ చేయండి.

తీసిన మంచుని పల్లం వైపు నెట్టండి. మెరక వైపు పోగేస్తే పగలు కరిగిన నీరు బాట మీదకి పారి, రాత్రికి కంటికి కనపడని గాజుపలకలా గడ్డకడుతుంది. అక్కడ ఉప్పు చల్లండి. సుమారు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా అది పనిచేస్తుంది. ఉప్పు బస్తా మోయకుండా ముందే చిన్న డబ్బాల్లోకి తీసి పెట్టుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు "ఊరికే కూర్చోలేం" అంటూ చెప్పులతోనే బయటికి వస్తారు. ఆ వయసులో జారిపడితే తుంటి ఎముక విరగొచ్చు. చాలా విజిటర్ ఇన్సూరెన్సు పాలసీల్లో పాత జబ్బులకి పరిమితులూ ఉంటాయి. వాళ్లకి వేడి కాఫీ ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పక్కింటి కుర్రాడిని సాయం అడగడానికి మీరూ మొహమాటపడకండి.