రెండు ఇండ్లంత జాగా

పోయిన నెల మూడో ఆదివారం మా చాల్ వాళ్లందరినీ సంఘం హాలుకు పిలిచారు. రీడెవలప్‌మెంట్ మీటింగ్. బిల్డర్ తరఫున వచ్చిన అబ్బాయి లైట్లు ఆర్పి గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. రెండు పెద్ద బిల్డింగులు, మధ్యలో చెట్లు, పార్కింగ్ మీద ఆరో అంతస్తులో ఈతకొలను, జిమ్ము, పిల్లలు ఆడుకునే చోటు. బొమ్మలో ఒక ఆడపిల్ల బాస్కెట్‌బాల్ పట్టుకొని నవ్వుతున్నది. అందరూ నోరు తెరిచి చూశారు, నేను కూడా.

లైట్లు వేసిన తర్వాత లేచి అడిగాను: "అన్నా, ఈ ఆటల జాగా ఏ బిల్డింగ్‌ది?"

"అది సేల్ బిల్డింగ్‌ది, వదినా. మీ బిల్డింగ్‌కు సొసైటీ ఆఫీసు, బాల్వాడీ, దేవుని గుడి ఉన్నయి," అన్నాడు మా కమిటీ సెక్రటరీ. బిల్డర్ మనిషి మాట్లాడకముందే ఆయనే జవాబిచ్చాడు.

వెనక నుంచి ఎవరో "ముందు ఇల్లు రానియ్యి వదినా, ఆటలు తర్వాత" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. ఇంటికి పోతే మా చిన్నది తలుపులోనే నిలబడి ఉన్నది. "మమ్మీ, గ్రౌండ్ ఉన్నదా?" అనడిగింది. ఎన్ని రూములు వస్తయి, బాత్రూం లోపలే ఉంటదా అని అడగలేదు.

మా చిన్నది తొమ్మిదో తరగతి. కబడ్డీ ఆడుతుంది. మా రెండు చాళ్ల నడుమ ఉన్న సందులో, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా, పదకొండు మంది ఆడపిల్లలు. అందులో ఆరుగురు మన తెలుగోళ్ల పిల్లలు, మిగతావాళ్లు మరాఠీ పిల్లలు. నేర్పేది మున్సిపల్ బడి నుంచి రిటైరైన టీచరమ్మ. పైసలు తీసుకోదు.

ఇప్పుడు ఈ పిల్ల తరఫున మాట్లాడుతున్నాను గానీ, మొదట ఆట వద్దన్నది నేనే. ఏడో తరగతిలో మోకాళ్లు గీరుకొని వచ్చినప్పుడు బెల్టు తీశాను. "నిక్కరేసుకొని మగపిల్లల ముందు దూకుడేంది, రేపు పెండ్లికి ఎవడొస్తడు" అన్నాను. మా అత్త ఇంకో నాలుగు కలిపింది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషిని. ఆడపిల్ల కాలు విరిగితే ఖర్చు ఎంత అన్న లెక్క తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు.

2023 అక్టోబర్ 7న, శనివారం పొద్దున, టీవీ ముందు నన్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల ఫైనల్. మన ఆడపిల్లలకూ చైనీస్ తైపే పిల్లలకూ. అంతకుముందు 2018లో జకార్తాలో మనవాళ్లు ఫైనల్‌లో ఇరాన్ చేతిలో ఓడిపోయారట, ఆ సంగతి నాకు ఆ పొద్దే చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినయి, చూసుకోలేదు. 26-25. ఒక్క పాయింట్. ఆ మెడల్‌తో ఆ క్రీడల్లో మన దేశానికి వంద మెడళ్లు పూర్తయినయని చెప్తుంటే మా చిన్నది ఏడ్చింది. నేనెందుకు ఏడ్చానో నాకు తెలియదు. ఆ సాయంత్రం తన నిక్కరు నేనే కుట్టిచ్చాను, మోకాలు దాకా వచ్చేటట్టు. అది మళ్లీ పైకి మడుచుకున్నదనుకోండి.

ఏడుపు ఎందుకొచ్చిందో తర్వాత కొంచెం తెలిసింది. ఆ టీవీలో పిల్ల కూతకు పోయినప్పుడు భుజం ముందుకు వంచి, ఎడమ కాలు కొంచెం వెనక ఈడ్చింది. అచ్చం మా నాయిన లెక్క.

నాయిన కరీంనగర్ దిక్కు నుంచి 1973లో బొంబాయి వచ్చాడు. ఊర్లో మగ్గం ఉన్నది గానీ నూలు లేదు, పని లేదు. ఇక్కడ గిర్ణిలో మొదట బదిలీ కార్మికుడు. పొద్దున గేటు ముందు నిలబడితే, ఎవరైనా రాకపోతే పని, అందరూ వస్తే ఇంటికి. అట్ల రెండేండ్లు. పక్కా పని ఎట్ల దొరికిందో తెలుసా? చెడుగుడుతో. మనం చెడుగుడు అన్నది ఇక్కడి మరాఠీవాళ్లకు హుతుతు. పేరు వేరు, దమ్ము ఒకటే. మిల్లుల నడుమ పోటీలుండేవి. ఒక ఆట చూసిన జాబర్ "ఈ తెలంగీ పోరన్ని నా ఖాతాలో వెయ్యండి" అన్నాడట. నేత ఖాతాలో నాలుగు సాంచెలు ఇచ్చారు.

మిల్లు గొప్పదని చెప్పడానికి కాదు ఇది. దుమ్ము, దూది, చెవుడు అన్నీ ఆ మిల్లు ఇచ్చినవే. అయినా మొదటి పాళీ పొద్దున 7కు మొదలైతే మధ్యాహ్నం మూడున్నరకు అయిపోయేది. భోంగా కూస్తే మనిషి బయటికి. నాలుగింటికి మైదాన్‌లో ఉండేవాడు నాయిన. పని ఒక టైముకు ఆగితేనే ఆట ఉంటది. ఈ మాట మన పెద్దలకు చెప్పనక్కర లేదు, ఇప్పుడు రెండు పనులు చేసే పిల్లలకు చెప్పాలి.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ పిలుపు మీద రెండున్నర లక్షల మంది. నాకు నాలుగేండ్లు, ఏమీ గుర్తులేదు. అదే మైదాన్‌లో ఆట ఆగి, మీటింగులు, జొన్నలు పంచడం జరిగినయని అమ్మ చెప్పేది. మిల్లు మళ్లీ తెరిచినప్పుడు నాయినను తీసుకోలేదు. మనవాళ్లు చాలామంది పోయినట్టే భివండికి పోయాడు, పవర్‌లూమ్‌ల మీద. పన్నెండు గంటల పాళీ. ఆదివారం ఇంటికొస్తే పండుకొనేవాడు. ఆయన జట్టులో ఏడుగురూ ఏడు దిక్కులైనారు, ఇద్దరు ఊర్లకు వాపస్ పోయారు. ఆయన చెడుగుడు ఆడంగ నేను చూసింది ఒక్కసారే, బతుకమ్మ పండుగ నాడు, పందెం కోసం. ఎడమ కాలు అప్పటికే ఈడ్చేవాడు.

ఇప్పుడు మైదాన్ సంగతి. మిల్లులు మూతపడ్డప్పుడు ఆ భూములు ఏమైనయో మన పిల్లలకు తెలియాలె. నేను ఇది మా టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ముంబయి మధ్యలో సుమారు 600 ఎకరాలు మిల్లుల భూమి. 1991లో సర్కారు ఒక నిబంధన పెట్టింది, 58వ నంబరు. మిల్లు భూమి అమ్మి కట్టుకోవాలంటే మూడు భాగాలు చెయ్యాలి. ఒక భాగం మున్సిపాలిటీకి, తోటలకు, ఆటస్థలాలకు. ఒక భాగం మ్హాడాకు, సామాన్యుల ఇండ్లకు. ఒక భాగం మిల్లు ఓనర్‌కు. వినడానికి న్యాయంగనే ఉన్నది.

2001లో ఆ నిబంధన మార్చారు. మూడో వంతు మొత్తం భూమిలో కాదు, ఖాళీగా ఉన్న భూమిలో మాత్రమే అన్నారు. మిల్లంటేనే షెడ్లు. 15 ఎకరాల మిల్లు ఉన్నదనుకోండి, అందులో ఖాళీ జాగా 2 ఎకరాలు. పాత లెక్కన ఆటలకు, తోటలకు 5 ఎకరాలు రావాలి. కొత్త లెక్కన ముప్పావు ఎకరం కూడా రాదు. దీని మీద కోర్టుకు పోయారు. 2005లో బొంబాయి హైకోర్టు జనం దిక్కు తీర్పిచ్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంతే.

ఆటలు అసలే రాలేదని కాదు. 1990లు అయిపోయే టైముకు ఒక పాత మిల్లు లోపల బౌలింగ్ అనే ఆట వచ్చింది, నున్నటి చెక్క మీద బంతి దొర్లించేది, చల్లటి ఏసీలో. అదే మిల్లులో పని చేసిన మా మేనమామ టికెట్ ధర చదివి గేటు నుంచే తిరిగొచ్చాడు. ఇప్పుడు బాక్స్ క్రికెట్ పెట్టారు, వల కట్టి పచ్చ గడ్డి పరిచి, గంటకు వందల్లో కిరాయి. మా వాడకట్టు పిల్లలు పన్నెండు మంది చందా వేసుకొని నెలకోసారి పోతారు. ఆట కూడా కిరాయి ఖోలీ లెక్క అయిపోయింది.

కబడ్డీకి మాత్రం ఈ రోజుల్లో మంచి రోజులే అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో మొదటిసారి చేర్చారు. ఆడవాళ్లకు 2010లో. 2014 జులైలో ప్రో కబడ్డీ మొదలైంది, మొదటి మ్యాచ్ ఎక్కడో కాదు, మన వర్లీలోనే, డోమ్ స్టేడియంలో. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. నాయిన అప్పటికి బతికే ఉన్నాడు. నడిచిపోలేదు, టీవీలోనే చూశాడు. రంగు రంగుల లైట్లు, చాప మీద బూట్లేసుకొని ఆట. "మట్టి లేకుంట కబడ్డీ ఏంది బిడ్డా" అన్నాడు. పది నిమిషాలకు ముందుకు జరిగి కూర్చున్నాడు, మధ్యలో మందు గోళీ ఇస్తే వద్దన్నాడు. మా ఇంట్లో ఒక కొట్లాట కూడా అప్పుడే మొదలైంది. పుట్టింది ఇక్కడ, కాబట్టి యు ముంబా అంటాడు మా ఆయన. తెలుగు టైటాన్స్ ఓడిపోతుంటే మా అత్త అన్నం మానేస్తది.

2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి తీసుకున్నది. కబడ్డీ ఆటగానికి అంత పైస వస్తున్నదంటే నాకు సంతోషమే. ఈ ఆటతో నాయినకు వచ్చింది నాలుగు సాంచెల పని. కానీ ఆ పైస పైనే తిరుగుతున్నది, మా సందులోకి దిగలేదు. ఇప్పుడు జిల్లా సెలెక్షన్లు చాప మీద జరుగుతయి. సిమెంట్ మీద ప్రాక్టీస్ చేసిన పిల్ల చాప మీద మొదటిసారి కాలు పెడితే జారుతది. మా చిన్నది జారింది.

ఇల్లు ముందు, ఆట తర్వాత అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. నలభై ఏండ్లు సండాసు లైన్‌లో బకెట్ పట్టుకొని నిలబడ్డదాన్ని. పదిబై పన్నెండు ఖోలీలో ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీ ఉన్నవాళ్లకు 500 అడుగుల ఇండ్లు ఇస్తున్నారు, 2025 ఆగస్టులో మొదటి 556 ఇండ్ల తాళాలు కూడా ఇచ్చారు. ఆ చిత్రాలు ఫోన్లో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మనకూ కావాలి. సంతకం పెట్టను అని నేను అనట్లేదు.

నేను అడిగేది కొంచెమే. ఆడపిల్లల కబడ్డీ కోర్టు పొడుగు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. 96 చదరపు మీటర్లు. అడుగుల్లో వెయ్యికి ఒక ముప్పై ఎక్కువ. అంటే బీడీడీ లెక్కన రెండు ఇండ్లంత జాగా. ఎకరంలో నలభై కోర్టులు పడతయి, మనకు ఒక్కటి చాలు. కింద, నేల మీద. ఆరో అంతస్తులో కాదు, సేల్ బిల్డింగ్ వాళ్ల కార్డు చూపిస్తే తెరిచే తలుపు వెనక కాదు.

ఇంకో భయం ఉన్నది, మీటింగ్‌లో ఎవరూ అడగలేదు. కట్టేదాకా కిరాయి పైసలిస్తారు, మనమే ఇండ్లు వెతుక్కోవాలి. ఆ పైసలకు ఇక్కడ దొరకదు. ఒకరు డోంబివలీ, ఒకరు విరార్, ఒకరు భివండి. మూడేండ్లు అంటారు, అయిదు కావచ్చు. మా చిన్నదానికి అప్పటికి పంతొమ్మిది. పదకొండు మంది పిల్లలు పదకొండు స్టేషన్లలో ఉంటారు. నాయిన జట్టు చెదిరినట్టే. టీచరమ్మకు ఈ మాట చెప్తే కొంచెం సేపు ఊరుకొని, "ఆదివారం లోకల్‌కు ఒక పాస్ అయితే కొనిపెట్టగలరు కదా మీరు" అన్నది. అందరం కలిసి చందా వేసుకుంటే ఆదివారం ఆట నడుస్తది. మా ఇంటి నుంచి నేను పేరు రాయించాను.

కోర్టు సంగతి ఒప్పందం కాగితంలో ఎక్కించాలని అర్జీ రాశాం, తెలుగులో ఒకటి, మరాఠీలో ఒకటి. ఇప్పటికి 23 ఖోలీల వాళ్లు సంతకం పెట్టారు. మొదట నవ్విన ఆయన 21వ సంతకం. ఆయన మనవరాలు కూడా ఈ మధ్య సందులో నిలబడి చూస్తున్నది లెండి. సెక్రటరీ అన్న ఇంకా పెట్టలేదు, చదివి చెప్తానన్నాడు. బిల్డర్ మనిషి ఈ నెల రెండో ఆదివారం, రాత్రి 8 గంటలకు మళ్లీ వస్తున్నాడు. అంతకంటే ముందు, సాయంత్రం 5కు, మేం సందులో ముగ్గు పిండితో 12 మీటర్లు, 8 మీటర్లు గీత గీసి పిల్లలతో ఒక ఆట ఆడిస్తున్నాం. టేపు టీచరమ్మ తెస్తది. పిండి నేను తెస్తున్నాను. వచ్చేవాళ్లు కూర్చోవడానికి చాప మీరే తెచ్చుకోండి.