దాగలికి అంత బరువెందుకు?

కమ్మరి సుత్తి ఒక కిలో ఉంటే, దాని కింద దెబ్బకాచే దాగలి 50 కిలోలు ఉండవచ్చు. కదలకుండా ఉండే దిమ్మెకు ఇంత బరువెందుకు?

సుత్తి దెబ్బలోని శక్తి కొంత కాగిన ఇనుమును సాగదీస్తుంది. మిగతాది దాగలిని కిందికి నెడుతుంది. సుత్తి తిరిగి ఎగరదనుకొని, ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో లెక్కవేయండి. దాగలి 4 కిలోలైతే 80 శాతం శక్తే ఇనుముకు అందుతుంది. 50 కిలోలైతే 98 శాతం. అంటే, తేలిక దిమ్మెపై ప్రతి అయిదు దెబ్బలలో ఒకటి వృథా!

బరువొక్కటే చాలదు. పైముఖం మెత్తనిదైతే తానే సొట్టలు పడి శక్తిని మింగేస్తుంది. అందుకే పాత దాగలి కొనేవారు దానిపై బేరింగు గోళీని జారవిడిచి, ఎంత ఎత్తుకు ఎగురుతుందో చూస్తారు. బాగా ఎగిరితే అది గట్టి ఉక్కు.

దాగలి కొనే స్తోమత లేనివారికి రైలు పట్టా ముక్క ఉంది. సీతారాండేరా ఉన్న జంషెడ్‌పూర్‌లో 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి పట్టాలు విదేశాలకూ వెళ్లాయి. నేడు మన రైలుమార్గాలలో వాడే ఒక రకం పట్టా మీటరుకు 52 కిలోలు. అర మీటరు ముక్కను పడుకోబెడితే దెబ్బకు అదురుతుంది. నిలువుగా దుంగలో బిగిస్తే 26 కిలోలూ దెబ్బకు సరిగ్గా కిందే ఉంటాయి. 96 శాతం శక్తి ఇనుముదే.

పెద్ద పనికి మాత్రం తోడు కావాలి. కమ్మరి చిన్న సుత్తితో చోటు చూపుతాడు. తోటివాడు సమ్మెటతో అక్కడే కొడతాడు. చిన్న సుత్తి దాగలిపై ఖంగుమంటే ఆపమని గుర్తు. సరదాకు కమ్మరం నేర్చేవారు కూడా నేటికీ నేర్చుకునే భాష ఇదే.